‘నిజమా, కాదా, ఒక్క మాట చెప్పండి’ అని తల్లిదండ్రులు నిలదీస్తే

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌ని. మా దగ్గర ఏడో తరగతి చదివే ఒక అబ్బాయికి తల్లిదండ్రులు లేరు, అమ్మమ్మ పెంచుతోంది. క్రమం తప్పకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, సెలవు ఇవ్వమ్మా అని అడుగుతూ ఆవిడ క్లాస్ టీచర్‌కి అసలు సంగతి చెప్పుకుంది. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉందట. టీచర్ స్టాఫ్ రూమ్‌లో ఇంకొకరి చెవిన వేసింది. నెల తిరక్కుండానే అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకెక్కింది. పేరు రాయలేదు గానీ ఎవరి గురించో అందరికీ అర్థమయ్యేలా ఉంది. కొందరు తల్లిదండ్రులు నా గదికొచ్చి ‘నిజమా, కాదా, ఒక్క మాట చెప్పండి’ అని కూర్చున్నారు. ‘కనుక్కుని చెబుతాను’ అని పంపేశాను. స్టాఫ్‌లో ఒకరు పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయిద్దామంటారు, ఒకరు విడిగా బెంచీ వేద్దామంటారు. దెబ్బ తగిలితే నేను కట్టు కట్టనని పీఈటీ గారు అంటున్నారు. మిగతా పిల్లల భద్రత చూడాలా, ఈ అబ్బాయి గుట్టు కాపాడాలా? అడ్మిషన్ ఫారంలో ‘తీవ్రమైన జబ్బులు ఏమైనా ఉన్నాయా’ అనే కాలమ్ ఉంచాలా, తీసేయాలా? అన్నట్టు, తాను వేసుకునే మాత్రలు దేనికో ఆ పిల్లవాడికే తెలియదట.

జవాబు: మేడమ్, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారుపెట్టింది తల్లిదండ్రుల గొడవ కాదు, ‘అన్నట్టు’ అని చివర్న రాసిన ఆ ఒక్క వాక్యం. పన్నెండేళ్ల పిల్లవాడు. ఇవాళో రేపో ఇంటర్వెల్‌లో ఎవడో ఒకడు ‘నీకు ఎయిడ్స్ అంట కదరా’ అంటాడు. మన ఒంటి సంగతి మనకంటే ముందు పక్క బెంచీవాడికి తెలియడం ఎలా ఉంటుందో ఊహించండి. అందుకని మిగతావన్నీ పక్కనబెట్టి ముందు అమ్మమ్మను కలవండి. స్కూలుకు మాత్రం పిలిపించకండి. ఆవిడ మీ గదిలోకి వెళ్లడం ఎవరైనా చూస్తే గ్రూపులో ఇంకో మెసేజ్ పడుతుంది. ఫోన్ చేసి, ఆవిడకు వీలైన చోట, మీరొక్కరే వెళ్లి కలవండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. విషయం మా దగ్గర్నుంచే బయటికి పొక్కింది, తప్పు మాదే అనండి. ఆవిడ ఏడవొచ్చు, తిట్టొచ్చు, టీసీ ఇచ్చేయండి వెళ్లిపోతాం అనొచ్చు. ఆ మూడూ ఆవిడ హక్కే. కానీ టీసీ మాట మీ నోట మాత్రం రానివ్వకండి. ‘వేరే స్కూల్లో అయితే బాబుకి బాగుంటుందేమో’ అని ఎంత మెత్తగా అన్నా గెంటివేతే అవుతుంది.

బడి వయసు పిల్లలకు, అంటే దాదాపు ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు, తమకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి చెప్పాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫార్సు చేసింది. అంతకన్నా చిన్నవాళ్లకు వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా చెబుతూ రావాలంది. ఇళ్లలో మాత్రం ‘బలం మాత్రలు’ అనో, ‘ఆయాసానికి’ అనో ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంటారు. అమ్మమ్మను తప్పుపట్టడానికి లేదు. కూతురు ఎలా పోయిందో మనవడికి చెప్పడం ఆవిడకు ఎంత కష్టమో. అయితే ఇప్పుడిక వాయిదా వేసే వ్యవధి లేదు. చెప్పే పని మీది కాదు, క్లాస్ టీచర్‌ది అసలే కాదు. వాళ్లు మందులు తెచ్చుకునే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లో కౌన్సెలర్ ఉంటారు. వచ్చే తారీఖు దాకా ఆగకుండా ఈ వారమే వెళ్లి, కౌన్సెలర్ ఎదుట పిల్లవాడితో మాట్లాడమని అమ్మమ్మకు చెప్పండి. ఆ రోజు సెలవుకు కారణం అడక్కండి.

ఇక మీ అసలు ప్రశ్న. భద్రతా, గుట్టా అని అడిగారు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలని మీరు అనుకుంటున్నారు, మీ స్టాఫూ అనుకుంటున్నారు. నాకైతే అలా కనిపించడం లేదు. ఒక పిల్లవాడి సంగతి మీకు తెలిసింది. తెలియనివాళ్ల మాటేమిటి? మీ స్కూల్లో ఇంకెవరికైనా హెచ్‌ఐవీ ఉండొచ్చు, ఇంట్లోవాళ్లకే తెలియకపోవచ్చు. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ఉన్న పిల్లలూ ఉండొచ్చు. హెచ్‌ఐవీ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. హెపటైటిస్ బి వైరస్ అయితే ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. పేరు తెలిసిన ఒక్కడి దగ్గర చేతులు ముడుచుకుని, మిగతా అందరి రక్తాన్నీ వట్టి చేత్తో తుడిచే స్కూలు ఎవరినీ కాపాడుతున్నట్టు కాదు. ఎవరి రక్తమైనా ఒకేలా చూసే స్కూలుకు పేర్లతో పనే లేదు. ఆస్పత్రుల్లో పాటించే పద్ధతి ఇదే.

పీఈటీ గారితో ఈ మాట మీరే కూర్చుని మాట్లాడండి. మైదానంలో ఒక పిల్లవాడు పడి మోకాలు చెక్కుకుపోయింది, రక్తం కారుతోంది. చేయాల్సింది ఇంతే. వాడు చేయగలిగితే శుభ్రమైన గుడ్డ ఇచ్చి వాడి చేత్తోనే గాయాన్ని నొక్కిపట్టమనాలి. సార్ గ్లవ్స్ వేసుకుని, నీళ్లూ సబ్బూ పెట్టి కడిగి, కట్టు కట్టాలి. గ్లవ్స్ దొరక్కపోతే చేతికి శుభ్రమైన ప్లాస్టిక్ సంచీ తొడుక్కున్నా సరిపోతుంది. నేలమీద రక్తం పడితే కాగితంతో అద్ది తీసేసి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలాగి తుడవాలి. గ్లవ్స్ తీసి కవర్లో వేసి మూతి కట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రక్తం అంటిన చొక్కా మార్పించి కవర్లో పెట్టి ఇంటికి పంపాలి. ఇదంతా టాపర్ కొడుక్కీ, ట్రస్టీ గారి మనవరాలికీ, మీకూ నాకూ ఒకటే. ఇంతకీ మీ ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఒకసారి తెరిచి చూడండి. చాలా స్కూళ్లలో అందులో ఎండిపోయిన టించర్ సీసా, తుప్పు పట్టిన కత్తెర తప్ప ఏమీ ఉండవు. ‘నేను కట్టు కట్టను’ అనే మాట వెనక చాలాసార్లు ఆ ఖాళీ డబ్బానే ఉంటుంది.

పొరపాటున రక్తం చేతికి అంటినా, గాయం లేని చర్మంలోంచి వైరస్ లోపలికి పోదు. కడుక్కుంటే చాలు. కంట్లో పడినా, తెగిన చోట తగిలినా నీళ్లతో బాగా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. ప్రహరీ పక్కన ఎవరో పారేసిన సూది పిల్లల చేతికి గుచ్చుకున్నా అంతే. వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే పెప్ అనే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఈ సంగతి స్టాఫ్‌లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

ఇవి కాక బడిలో పిల్లల మధ్య మామూలుగా జరిగే దేనివల్లా హెచ్‌ఐవీ సోకదు. ఉమ్మి, చెమట, కన్నీళ్లు, దగ్గు, ఒకే గ్లాసు, ఒకే బాత్రూం, ఒకే బెంచీ, దోమకాటు, ఏదీ కాదు. చిన్న పిల్లలు కొరుక్కుంటారు కదా అని తల్లులు అడుగుతారు. రక్తం లేని కొరుకు వల్ల సోకదు. కొరికితే సోకిందని తేలిన అరుదైన ఘటనల్లో కూడా కండ తెగి రక్తం కలిసేంత గాయం ఉంది. పైగా మందులు సరిగ్గా వేసుకుంటే వైరస్ పరీక్షకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో ఉన్న పెద్దవాళ్ల నుంచి లైంగికంగా కూడా ఎదుటివారికి సోకదని పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలింది. ఆటలు మాన్పించడానికీ కారణం లేదు.

విడిగా బెంచీ వేద్దామన్నవారికి ఒక పాత కథ చెప్పండి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ర్యాన్ వైట్ అనే పిల్లవాడికి హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. దానికి వాడిన రక్తపు మందు ద్వారా హెచ్‌ఐవీ వచ్చింది, 1984 డిసెంబరులో బయటపడింది. 1985లో స్కూలు వాళ్లు రావద్దన్నారు, ఫోనులో పాఠాలు వినమన్నారు. కుటుంబం కోర్టుకెళ్లి పోరాడితే రానిచ్చారు గానీ వాడి పారేసే ప్లేట్లలో తినాలి, బాత్రూం వేరు, వ్యాయామం క్లాసు వద్దు అన్నారు. ఊరి భయం పోగొట్టడానికి ఇవన్నీ ఒప్పుకుంటే భయం తగ్గలేదు సరికదా, చూశారా, ఏదో ప్రమాదం ఉందనే కదా వేరుగా పెట్టారు అని జనానికి ఇంకా బలంగా తోచింది. చివరికి ఆ కుటుంబం ఇంకో ఊరికి మారింది. 1987లో అక్కడి హైస్కూలు వాళ్లు, అతను రాకముందే పిల్లలందరికీ ఈ జబ్బు గురించి చెప్పి ఉంచారు. మొదటి రోజు పిల్లలు ఎదురొచ్చి చేయి కలిపారు. జబ్బు అదే, అబ్బాయీ అతనే. అప్పటికి ఇప్పుడున్నలాంటి మందులు కూడా లేవు, 1990 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ రెండో స్కూలు ముందుగా చేసిన పని మీరు ఆలస్యంగానైనా చేయొచ్చు. ఒక్క తేడా, ర్యాన్ సంగతి లోకమంతటికీ తెలుసు, మీ అబ్బాయిది తెలియనక్కర్లేదు.

చట్టం ఈ విషయంలో మీకు కొండంత అండ. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చదువు నిరాకరించడం, బడిలో వేరుగా చూడడం, విడిగా కూర్చోబెట్టడం, చదువుకోవాలంటే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకురమ్మనడం, ఇవన్నీ దాని మూడో సెక్షన్ కింద నిషేధం. రక్షణ హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తికే కాదు, వారితో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నవారికి కూడా. అందరికీ రక్తపరీక్షలు అన్న సార్‌కు ఈ ముక్క చూపించి, సరే, ఫలితం చేతికొచ్చాక దాంతో మీరేం చేస్తారు సార్ అని అడగండి. ఎనిమిదో సెక్షన్ గుట్టుకు సంబంధించింది. నమ్మి చెప్పిన విషయాన్ని ఆ వ్యక్తి రాతపూర్వక సమ్మతి లేకుండా మూడోవారికి చెప్పకూడదు. పిల్లల విషయంలో సమ్మతి ఇవ్వాల్సింది వారి తరఫు పెద్దలు. మీ క్లాస్ టీచర్ స్టాఫ్ రూమ్‌లో చేసింది సరిగ్గా దీని ఉల్లంఘనే. ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ అనే అధికారిని నియమించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, ఫిర్యాదు ఆ అధికారికి చేసుకోవచ్చు. అమ్మమ్మ ఫిర్యాదు చేస్తానంటే అడ్డుపడకండి. ఇక ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయడానికి విద్యాహక్కు చట్టం కూడా ఒప్పుకోదు.

క్లాస్ టీచర్‌ను పదిమందిలో నిలబెట్టకండి. నిలబెడితే ‘ఏం చెప్పింది, ఎవరి గురించి’ అని మళ్లీ అదే చర్చ. ఒంటరిగా పిలిచి, ఇది చట్టం తప్పన్న విషయం గట్టిగానే చెప్పండి. ఆవిడ చెడ్డమనిషి అయ్యుండకపోవచ్చు. మనసులో బరువు మోయలేక ఒకరితో పంచుకుని ఉంటుంది. కానీ ఆ ‘ఒకరితోనే’ అన్నదే ఎప్పుడూ ఇలా గ్రూపుదాకా వెళ్తుంది. విన్న ఆ రెండో టీచర్‌తోనూ విడిగా మాట్లాడండి. హాజరు పట్టీలో పేరు పక్కన చుక్క, ఎర్ర ఇంకుతో టిక్కు, ‘ఎం’ అనే అక్షరం లాంటి గుర్తులేమైనా ఉన్నాయేమో మీరే స్వయంగా చూడండి. అలాంటివి పెట్టినవాళ్లు అదేదో రహస్య సంకేతమనుకుంటారు, పిల్లలు వారంలో కనిపెట్టేస్తారు.

ఇప్పుడు తల్లిదండ్రులు. ‘కనుక్కుని చెబుతాను’ అన్నారు కదా, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అంటే కనుక్కుంటే చెబుతారన్నమాటేగా. మళ్లీ వచ్చినప్పుడు ఇలా అనండి: “ఏ పిల్లవాడి ఆరోగ్యం గురించీ ఇంకొకరి తల్లిదండ్రులతో మేం మాట్లాడం. రేపు మీ అమ్మాయి గురించి ఎవరైనా వచ్చి అడిగినా వాళ్లకు ఇదే జవాబు. మీ అమ్మాయి ఇక్కడ క్షేమంగా ఉండడానికి ఏమేం చేస్తున్నామో మాత్రం ఎంతసేపైనా చెబుతాను, రండి.” గ్లవ్స్, బ్లీచ్, కట్టు కట్టే పద్ధతి అన్నీ అప్పుడు చూపించండి. ‘అంటే నిజమేనన్నమాట’ అని రెట్టిస్తారు. మీరు మళ్లీ అదే వాక్యం చెప్పండి, వేరే మాటలు వెతుక్కోకండి. ఆ పిల్లవాడి మీద ప్రేమతో ‘అబ్బే, అదంతా పుకారు’ అని కూడా అనొద్దు. ఇవాళ ఒకరి విషయంలో కాదంటే, రేపు ఇంకొకరి విషయంలో మీరు మౌనంగా ఉన్నప్పుడు అది అవునన్నట్టే అవుతుంది. ఎవరిగురించైనా, ఉన్నా లేకపోయినా, జవాబు ఒకటే ఉంటేనే దానికి విలువ.

గ్రూపులో ‘ఆ మెసేజ్ తీసేయండి, ఆ బాబు వ్యక్తిగత విషయం’ అని మీరు రాశారంటే అంతకన్నా పెద్ద ధ్రువీకరణ లేదు. రాసినవారికి ఫోన్ చేసి తీయించండి. అంతకుముందే స్క్రీన్‌షాట్ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, అమ్మమ్మకు పనికిరావొచ్చు. కొన్నాళ్లాగి గ్రూపు నియమాలు అని అందరికీ ఒకటి పెట్టి, అందులో పిల్లల ఆరోగ్యం, మార్కులు, ఫీజు బకాయిలు, ఇంటి సంగతులు ఇక్కడ రాయకూడదని కలిపేయండి.

ఎవరూ అడగని ఇంకో సంగతి ఉంది. ఆ అబ్బాయి నుంచి మిగతా పిల్లలకేమవుతుందోనని ఇంతమంది భయపడుతున్నారు. నిజానికి అపాయం అటునుంచి ఇటు రావడమే ఎక్కువ. రోగనిరోధక శక్తి తగ్గి ఉన్నప్పుడు ఆటలమ్మ, తట్టు లాంటివి సోకితే హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు ప్రాణం మీదికి రావొచ్చు. కాబట్టి ఏ క్లాసులో ఆటలమ్మ వచ్చినా అదే రోజు తల్లిదండ్రులందరికీ మెసేజ్ పంపండి. ‘మా స్కూల్లో ఒకరికి ఆటలమ్మ వచ్చింది, మీ పిల్లలకు ఏదైనా చికిత్స జరుగుతుంటే డాక్టర్‌ను అడగండి’ అని, అంతే. అమ్మమ్మ అది చూసి తన పని తాను చూసుకుంటుంది. క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లలకూ పనికొస్తుంది. ఎవరి పేరూ రాలేదు.

పాఠం చెప్పడం గురించి మీరు అడగలేదు గానీ, ఈ రగడ మొత్తం అక్కడే మొదలైందని నా అనుమానం. ఎయిడ్స్ పాఠం రాగానే ‘ఇంట్లో చదువుకోండి’ అని పేజీ తిప్పేయడం, డిసెంబరు 1న పుర్రె బొమ్మతో పోస్టర్ గీయించి ర్యాలీ తీయించడం, మన బళ్లలో సాగుతున్నదిదే. ఆ పోస్టర్లు గీసిన పిల్లలే ఇవాళ మీ గదికొచ్చిన తల్లిదండ్రులు. ఎదిగే వయసు మార్పులు, ఎయిడ్స్ గురించి చెప్పే కౌమార విద్య కార్యక్రమాన్ని 2007లో కొన్ని రాష్ట్రాలు పిల్లలు చెడిపోతారంటూ ఆపేశాయి కూడా. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడతారన్నది నిజం కాదని యునెస్కో మార్గదర్శకాలు అధ్యయనాల ఆధారంగా చెబుతున్నాయి.

అలాగని రేపే ఏడో తరగతిలో ఎయిడ్స్ మీద ప్రత్యేక క్లాసు పెట్టకండి. అరవై జతల కళ్లు ఒకేవైపు తిరుగుతాయి. ముందు స్టాఫ్‌కు చెప్పించండి, ఆయాతో, బస్సు డ్రైవర్‌తో సహా. జిల్లా ఆస్పత్రి కౌన్సెలర్‌ను అడిగితే వస్తారు. దారి తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వారి ఉచిత హెల్ప్‌లైన్ అది. తర్వాత పై తరగతులన్నిటికీ ఒకే వారంలో, రక్తహీనత, కామెర్లు, ఆటలమ్మ, హెచ్‌ఐవీ అన్నీ కలిపి చెప్పించండి. ఒక అట్టపెట్టెకు చీలిక పెట్టి మూల ఉంచితే పేరు లేకుండా ప్రశ్నలు వేస్తారు. ‘బ్లేడుతో చేతులు కోసుకుని రక్తం కలుపుకుంటే ఫ్రెండ్‌షిప్ అంటారు కదా, దానివల్ల వస్తుందా’ అనే రకం ప్రశ్నలొస్తాయి. వస్తుంది, వచ్చే వీలుంది అని సూటిగా చెప్పాలి. చెప్పే టీచర్ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: వినేవాళ్లలో ఆ జబ్బున్న పిల్లలు ఉన్నారనుకునే ప్రతి మాటా మాట్లాడాలి. ‘చెడు తిరుగుళ్లు తిరిగేవాళ్లకే వస్తుంది’ అని ఒక్క మాట దొర్లిందంటే, తల్లి కడుపులోంచే తెచ్చుకున్న పిల్లవాడు అప్పటికప్పుడు అమ్మను తలుచుకుంటాడు. ఏ జాగ్రత్తా లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి సోకుతుందని, గర్భం సమయంలోనే మందులు మొదలుపెడితే అది 5 లోపుకు దిగుతుందని చెప్పండి. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోందనీ, వాటితో చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ మామూలుగా సాగుతాయనీ చెప్పండి.

చివరగా ఆ అడ్మిషన్ ఫారం. ‘తీవ్రమైన జబ్బులు ఏమైనా ఉన్నాయా’ అనే కాలమ్ కొట్టేయండి. దాని బదులు ‘బడి వేళల్లో మేం ఏదైనా చేయాల్సి వచ్చే సమస్య ఉందా’ అని రాసి, పక్కన ఉబ్బసం, మూర్ఛ, ఇన్సులిన్, అలర్జీ అని ఉదాహరణలివ్వండి. మీరు అడగాల్సింది మీ చేతిలో పని ఉన్నవాటినే. హెచ్‌ఐవీ మందులు చాలామంది పిల్లలు ఇంట్లోనే వేసుకుంటారు, వాటితో స్కూలుకు పనిలేదు. సెలవు చీటీకి ‘ఆస్పత్రి పని’ అంటే చాలు, ఏ విభాగం ముద్ర ఉందో చూడక్కర్లేదు. ‘తండ్రి సంతకం’ అనే చోట ‘సంరక్షకుల సంతకం’ అని మార్చండి. తల్లిదండ్రులు లేని ఇంట్లో, హెచ్‌ఐవీ బారిన పడిన కుటుంబ వ్యవహారాలు చూసుకుంటున్న అక్కకో అన్నకో పన్నెండేళ్లు నిండి, తగిన పరిణతి ఉంటే, తమ్ముణ్నో చెల్లెల్నో బడిలో చేర్చడానికి సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చని ఇదే 2017 చట్టం 32వ సెక్షన్‌లో ఉంది. మీ ఆఫీసు గుమాస్తా గారికి ఈ విషయం ముందే చెప్పి ఉంచండి, ‘పెద్దవాళ్లను తీసుకురామ్మా’ అని ఆ పిల్లను తిప్పి పంపకుండా.